ఈసీఎం పోయిందంటున్నారా? ముందు దానికి కరెంటు అందుతోందేమో చూడండి

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యలు, చేపలు ఐసు పెట్టెల్లో వేసుకుని చుట్టుపక్కల మార్కెట్లకు తోలుతుంటాం. 2018 మోడల్, బీఎస్‌4 (పొగ కాలుష్య ప్రమాణం), కామన్ రైల్ (ఒకే గొట్టంలో హైప్రెషర్‌తో ఉంచిన డీజిల్‌ను సిలిండర్లకు పంచే రకం) డీజిల్ వ్యాను. పది రోజుల కిందట వానలో వెళ్తూ వెళ్తూ ఆగిపోయింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ స్టార్ట్ కావడం లేదు. తాళం తిప్పితే మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు వెలగదు. స్కానర్ పెడితే ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటర్) పలుకుతోంది, ఇంజిన్ పలకడం లేదు. ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె, పోయిందని మెకానిక్ తేల్చేశారు. ఆటోనగర్‌లో పాతది 22 వేలకు దొరుకుతుందట, తెచ్చి తగిలిస్తే చాలంటున్నారు. షోరూంలో కొత్తది 60 వేల పైమాటే, దాన్ని బండికి ముడివేసే కోడింగ్ ఖర్చు వేరు. నెల కిందట బ్యాటరీ డౌనయితే పక్కన ఆగిన లారీ నుంచి జంప్ చేసుకున్నాం. ఫైనాన్స్ వాళ్లు పెట్టించిన జీపీఎస్ కూడా బండిలో ఉంది. పాతది వేయించమంటారా, కొత్తదా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. బేరం రెండు రోజులు ఆపండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఈసీఎం నిద్ర లేవడం లేదని మాత్రమే తెలుస్తోంది. చచ్చిపోయిందని తేలలేదు. కరెంటు అందకపోయినా, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి) తెగినా, ఏదో ఒక సెన్సార్ షార్టయినా పెట్టె సరిగ్గా ఇలాగే మూగబోతుంది. ఐసు నీళ్లు కారే బండిలో ఈసీఎం పెట్టె కన్నా ముందు చెడేవి ఎర్త్ పాయింట్లు, కప్లర్లు (తీగలు కలిపే కనెక్టర్లు). పైగా పెట్టె నిజంగానే పోయి ఉంటే దాన్ని పోగొట్టిందేదో కూడా దొరకాలి. అది దొరక్కుండా 60 వేల పెట్టె తగిలిస్తే అదీ పాతదాని దారే పడుతుంది.

ముందుగా ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం సంపాదించండి. ఈసీఎం కప్లర్‌లో ఏ పిన్ను ఏమిటో బండి బండికీ మారుతుంది, ఊహించి మీటరు పెట్టకూడదు. కావలసినవి ఒక డిజిటల్ మల్టీమీటరు, రెండు తీగలు కట్టిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు, కప్లర్ వెనక నుంచి పిన్నును తాకడానికి సన్నని ప్రోబు. పిన్ను రంధ్రంలోకి ముందు నుంచి సూదులూ గుచ్చే లైట్లూ దూర్చనివ్వకండి. లోపలి పట్టు వెడల్పయిపోయి ఆ పిన్ను ఇక జన్మలో గట్టిగా కూర్చోదు.

బ్యాటరీతో మొదలుపెట్టండి. బండి ఆగి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి జారకూడదు. సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగుందిలే అనుకోవద్దు. వోల్టేజీ బాగా పడిపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఈసీఎం మాత్రం రీసెట్ అవుతూ ఉంటుంది.

తరువాత ఫ్యూజులు, మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు). ఫ్యూజును కంటితో చూసి బాగుందనకండి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి దాని రెండు కొసల్లోనూ వోల్టేజీ చూడండి. కామన్ రైల్ బళ్లలో ఈసీఎంకు అసలు పవరు ఎక్కువగా మెయిన్ రిలే మీదుగానే వస్తుంది. తాళం తిప్పగానే ఇగ్నిషన్ తీగ ద్వారా ఈసీఎంకు కబురు అందుతుంది, అది లేచి రిలే కాయిల్‌ను ఎర్త్ చేస్తుంది, రిలే టక్కుమని పట్టుకుని పెట్టెకు నిండా కరెంటు ఇస్తుంది. కాబట్టి తాళం తిప్పినప్పుడు రిలే మీద వేలు పెట్టి చూడండి. టక్కుమనకపోతే అదే రకం రిలే ఒకటి పక్క సాకెట్టు నుంచి తీసి మార్చండి. అప్పటికీ కదలిక లేకపోతే రిలే తీసేసి, సాకెట్టులో 30, 87 అంకెలున్న రెండు పిన్నులనూ ఫ్యూజు ఉన్న తీగతో కలిపి స్కానర్ పెట్టండి. ఇప్పుడు ఇంజిన్ పలికిందంటే మీ ఈసీఎం బతికే ఉంది. లోపం రిలేలోనో, రిలేను లాగే తీగలోనో, ఇగ్నిషన్ సిగ్నల్‌లోనో ఉంది. 22 వేలు అక్కడే మిగిలాయి.

మీ బండి విషయంలో నాకు అన్నిటికన్నా అనుమానం ఎర్త్ మీద. ఉప్పు కలిసిన ఐసు నీళ్లు ఫ్లోర్ మీదుగా దిగి చాసీ మీది ఎర్త్ బోల్టు చుట్టూ నిలుస్తాయి. పైకి బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది, లగ్గు (తీగ కొసన ఉండే రింగు) కింద మాత్రం తుప్పు పొర కట్టి ఉంటుంది. దీన్ని ఓమ్‌ల రేంజిలో కొలిచి లాభం లేదు. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా చూపిస్తుంది, ఆ ఒక్క పోగు ఈసీఎంకు కావలసిన ఆంపియర్లు మోయలేదు. మీటరును వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఈసీఎం ఎర్త్ పిన్ను వెనక పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.1 వోల్టు దాటితే ఆ ఎర్త్ పనికిరాదు. ఆపైన ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఈసీఎం కప్లర్ విప్పి, 30, 87 మళ్లీ కలిపి, 21 వాట్ల బల్బును పవరు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య పట్టండి. బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ మీద వెలిగినంత కాంతితో ఇక్కడా వెలగాలి. మీటరు 12 వోల్టులు చూపిస్తూ బల్బు గుడ్డిగా వెలిగితే ఆ తీగలోనే రోగం. పవరు పిన్నులు, ఎర్త్ పిన్నులు రెండు మూడేసి ఉంటాయి, ప్రతి జతనూ ఇలాగే చూడాలి.

ఎర్త్ చెడిందని తేలితే బోల్టు విప్పి, లగ్గునూ చాసీనీ తళతళలాడే ఇనుము కనిపించేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించండి. పెయింటో గ్రీజో బిగించిన తరువాతే పైన పూయాలి, ముందు పూస్తే అదే అడ్డుపొర అవుతుంది. లగ్గు లోపల తీగ నల్లబడి ఉంటే నల్లదనం పోయేదాకా కోసి కొత్త లగ్గు వేయాలి.

కప్లర్ విప్పినప్పుడే లోపల బాగా చూడండి. పిన్నుల మీద పచ్చని చిలుము ఉందా, తడి ఉందా, పిన్ను ఏదైనా వెనక్కి జారిందా? నీళ్లు ఎప్పుడూ పైనుంచే రావు. ఎక్కడో కింద తీగ తోలు చిట్లితే రాగి పోగుల సందుల్లోంచి పాకుతూ ఈసీఎం దాకా వస్తాయి, వత్తి నూనె పీల్చినట్టు. కాబట్టి కప్లర్‌లో తడి కనిపిస్తే దాన్ని తుడిచి సరిపెట్టుకోవద్దు, ఆ తీగ ఎక్కడ చిట్లిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి.

ఇక 5 వోల్టులు. ఈసీఎం తన లోపల 5 వోల్టులు తయారుచేసి యాక్సిలరేటర్ పెడల్, రైల్ ప్రెషర్ సెన్సార్, బూస్ట్ సెన్సార్ లాంటి వాటికి పంచుతుంది. వాటిలో ఒక్కటి షార్టయినా, దాని తీగ ఇంజిన్‌కు రాసుకుని తోలు పోయినా 5 వోల్టులు కుప్పకూలతాయి. కొన్ని ఈసీఎంలు అప్పుడు స్కానర్‌కు కూడా పలకవు. ఇగ్నిషన్ ఆన్‌లో ఒక సెన్సార్ కప్లర్ దగ్గర మీటరు పెట్టి 4.9 నుంచి 5.1 మధ్య ఉందేమో చూడండి. లేకపోతే మీటరు అలాగే ఉంచి మిగతా సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీయించండి. దేన్ని తీయగానే 5 వోల్టులు లేచి నిలబడ్డాయో అదే దొంగ. సెన్సార్లన్నీ తీసినా రాకపోతే తీగల్లో షార్టు ఉందేమో చూడాలి, అదీ లేకపోతే అప్పుడు పెట్టెను అనుమానించాలి. ఈ 5 వోల్టుల లైన్లు కొన్ని బళ్లలో రెండు మూడు ఉంటాయి, ఒకటి బాగుందని మిగతావి వదలొద్దు.

ఏబీఎస్ పలుకుతోందన్నారు కాబట్టి స్కానర్ సాకెట్టుకు కరెంటు వస్తున్నట్టే. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల లైను, అంటే క్యాన్ లైను కూడా చూడాలి. బ్యాటరీ మైనస్ తీసేసి, సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. 60కి దగ్గరగా రావాలి, ఎందుకంటే లైను రెండు కొసల్లోనూ చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. 120 వస్తే ఒక కొస తెగిపోయింది, చాలా బళ్లలో ఆ కొస ఈసీఎం లోపలే ఉంటుంది కనుక ఈసీఎం దాకా తీగ వెళ్తోందో లేదో చూడండి. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. కొన్ని బళ్లలో ఇంజిన్ 7వ పిన్నులోని కే-లైను అనే ఒంటి తీగ మీద స్కానర్‌తో మాట్లాడుతుంది, అప్పుడు ఆ తీగ చూడాలి. జీపీఎస్ వాళ్లు ఇగ్నిషన్ తీగను చీల్చి, మెలితిప్పి, టేపు చుట్టి వెళ్తారు. తేమ తగిలి ఆ అతుకు పుచ్చితే ఈసీఎంకు తాళం తిప్పిన కబురే అందదు. ట్రాకర్‌ను పూర్తిగా విప్పించి, ఆ అతుకును సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయించాకే ఏదైనా తేల్చండి.

కరెంటు నిండుగా ఉండి, ఎర్త్ బాగుండి, ఇగ్నిషన్ సిగ్నల్ అందుతూ, సెన్సార్లన్నీ ఊడదీసినా, తీగల్లో షార్టు లేకపోయినా 5 వోల్టులు రాక, క్యాన్ తీగ తెగకుండా ఉండి, అయినా స్కానర్‌కు పలకకపోతే ఈసీఎం పోయినట్టే. పక్కవాళ్ల బండి ఈసీఎం తెచ్చి తగిలించి చూద్దామంటే ఒప్పుకోకండి. ఇమొబిలైజర్ (సరైన తాళం లేనిదే స్టార్ట్ కానివ్వని రక్షణ) ఉన్న బండి వేరే పెట్టెతో ఎటూ స్టార్ట్ కాదు కనుక దానివల్ల తేలేది తక్కువ. మీ తీగల్లో షార్టు ఉంటే వాళ్ల పెట్టె కూడా పోతుంది.

ఏది పోగొట్టిందన్న దానికి వద్దాం. లారీ బ్యాటరీ సెట్టు 24 వోల్టులది, మీది 12. దాంతో జంప్ చేస్తే ఈసీఎం లోపలి రక్షణ డయోడ్లు దెబ్బతినొచ్చు. నెల రోజులు నడిచింది కాబట్టి అదొక్కటే కారణమని అనలేను, అలాగని కొట్టిపారేయనూ లేను. లారీలో జంప్ చేయక తప్పకపోతే రెండు బ్యాటరీల్లో ఒక్కదాని మీదే కేబుళ్లు పెట్టాలి, ఆ ఒక్కటి 12 వోల్టులే ఇస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ తీసి ఆల్టర్నేటర్ పరీక్షించే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. తీసిన ఆ క్షణంలో వోల్టేజీ ఎగిసి ఎలక్ట్రానిక్సును కాలుస్తుంది, మీ బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. బాడీకి వెల్డింగ్ పెట్టించినప్పుడు బ్యాటరీ, ఈసీఎం కప్లర్ రెండూ విప్పారా అన్నది గుర్తు తెచ్చుకోండి.

కొత్త పెట్టె పెట్టేముందు దాని మీద భారం పడేవన్నీ కొలవాలి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు బాష్ కంపెనీ సొలెనాయిడ్ (కాయిల్‌తో తెరుచుకునే) రకమైతే ఒక్కో కాయిల్ ఒక ఓమ్ కన్నా బాగా తక్కువ ఉంటుంది. నాలుగింటిలో ఒకటి మిగతా మూడింటితో కలవకపోతే, లేదా ఇంజెక్టర్ పిన్నుకూ ఇంజిన్ బాడీకీ మధ్య మీటరు ఏ మాత్రమైనా దారి చూపిస్తే, పాత పెట్టెను కాల్చింది అదే అయ్యుండొచ్చు. ఇంత చిన్న విలువ కొలిచేటప్పుడు మీటరు తీగల సొంత రెసిస్టెన్స్ ముందే చూసుకుని తీసేయాలి. హైప్రెషర్ పంపు మీది మీటరింగ్ వాల్వు కాయిల్, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), హీటర్ ప్లగ్గుల రిలే కూడా చూడండి. ఇంజిన్ స్టార్టయ్యాక ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.5 వోల్టులు ఇవ్వాలి, మీటరును ఏసీ వోల్టుల్లో పెడితే అర వోల్టు దాటకూడదు. దాటితే డయోడ్ పోయింది. ఒక హెచ్చరిక: నడుస్తున్న ఇంజిన్‌లో ఇంజెక్టర్ తీగలను తాకకండి, ఈసీఎం వాటికి 60 వోల్టుల పైనే పంపుతుంది, కొన్ని రకాలకు నూరు పైమాటే.

ఇప్పుడు మీరడిగిన పాతదా, కొత్తదా. పాత పెట్టె తెచ్చి ఊరికే తగిలిస్తే మీ బండి కదలదు. అది ఇంకో బండి తాళానికి ముడిపడి ఉంటుంది, ఇంకో చాసీ నంబరు, ఇంకో ఇంజెక్టర్ల కోడ్లు (ఒక్కో ఇంజెక్టర్ తీరును ఈసీఎంకు చెప్పే అంకెలు, అక్షరాలు) దానిలో ఉంటాయి. స్టార్టయి రెండు క్షణాల్లో ఆగిపోవడం, లేదా సెల్ఫ్ తిరుగుతున్నా డీజిల్ కొట్టకపోవడం దాని గుర్తులు. పాతది పనిచేయాలంటే క్లోనింగ్ జరగాలి. అంటే మీ పెట్టెలోని ఫ్లాష్, ఈఈప్రామ్ అనే రెండు మెమరీల డేటానూ బల్ల మీద చదివి, యథాతథంగా రెండో పెట్టెలోకి రాయడం. అప్పుడు మీ తాళం, మీ చాసీ నంబరు, మీ ఇంజెక్టర్ కోడ్లు అన్నీ దానితో వస్తాయి. దీనికి రెండు షరతులు. మీ పాత పెట్టె చదవడానికైనా పలకాలి, అందుకే డబ్బు కట్టేముందే దాన్ని చదివించి ఫైలు వచ్చిందని చూడండి. రెండోది, లేబుల్ మీది నంబరు అక్షరం అక్షరం కలవాలి. బాష్ డీజిల్ ఈసీఎంల నంబరు 0281తో మొదలవుతుంది, 0261తో మొదలైతే అది పెట్రోల్ బండిది. డబ్బా ఒకేలా ఉంది, కప్లర్ పడుతోంది అంటే చాలదు. ఒకే మోడల్‌లో బీఎస్‌3, బీఎస్‌4, బీఎస్‌6 పెట్టెలు వేరు, ఇంజిన్ పవరును బట్టీ వేరు. 2018 బండికి 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్‌6 పెట్టె ఏ విధంగానూ కుదరదు.

రిపేరు సంగతి పెట్టె తెరిచాకే తేలుతుంది. ఒక డ్రైవర్ చిప్పు కాలడం, సోల్డర్ వదలడం లాంటివి మంచి చేతిలో నిలబడతాయి. నీళ్లు దిగి బోర్డు పొరల్లోకి చిలుము పాకితే ఈ నెల నడిచి వచ్చే వానకు మళ్లీ ఆగుతుంది, దానికి డబ్బు పెట్టవద్దు. నా ఓటు ఇది: మీ పెట్టె డేటా చదవగలిగితే, నంబరు కలిసిన సెకండ్‌హ్యాండ్ పెట్టెకు క్లోనింగ్, బండి స్టార్టయ్యాకే పూర్తి డబ్బు. డేటా రాకపోతే కొత్తది, షోరూంలోనే కోడింగ్. ఎలక్ట్రికల్ పార్టులు ఒకసారి అమ్మాక వెనక్కి తీసుకోవడం అరుదు, కనుక షోరూం వాళ్లకు చాసీ నంబరు ఇచ్చి పార్టు నంబరు రాతలో తీసుకోండి.

మార్చే రోజు బండి తాళాలన్నీ దగ్గర పెట్టుకోండి. రెండో తాళం ఇంట్లో మరిచిపోతే ఆ తాళం తరువాత పనిచేయదు, మళ్లీ కోడింగ్ డబ్బు. నాలుగు ఇంజెక్టర్ల తలల మీది కోడ్లను సిలిండర్ వరసలో ఫోటో తీసుకోండి, కంపెనీని బట్టి అవి ఆరేడు అక్షరాల నుంచి 16, 20 దాకా ఉంటాయి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఐదు నిమిషాలు ఆగి బ్యాటరీ మైనస్ తీయండి, ఆ తరువాతే కప్లర్ లివర్ లేపండి. కప్లర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తోనే కడగాలి, పెట్రోలూ డీజిలూ వద్దు, రబ్బరు సీలు ఉబ్బుతుంది. వాడని పిన్నుల రంధ్రాలకు ఉండే ప్లాస్టిక్ బిరడాలు ఒక్కటి లేకపోయినా నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. వైరింగ్ పెట్టెకు కింది నుంచి రావాలి, పైనుంచి వస్తే వాన చుక్క నేరుగా కప్లర్‌లోకి జారుతుంది. మీ బండిలో పెట్టె ఐసు పెట్టెల గోడకు దగ్గరగా ఉంటే మధ్యలో ఒక రేకు అడ్డు కట్టించండి, ఫ్లోర్‌లో నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.

కోడింగ్ జరుగుతున్నంతసేపు బ్యాటరీకి నిలకడగా 13.5 వోల్టులు ఇచ్చే చార్జరు కట్టి ఉండాలి. మధ్యలో కరెంటు పడిపోతే కొత్త పెట్టె సాఫ్ట్‌వేర్ సగంలో ఆగి పనికిరాకుండా పోవచ్చు. కొత్త పెట్టెకైతే వరస ఇది: ముందు సాఫ్ట్‌వేర్, చాసీ నంబరు, తరువాత ఇమొబిలైజర్‌తో ముడి వేయడం, తాళాలు, ఆపైన ఇంజెక్టర్ కోడ్లు. ఇంజెక్టర్ కోడ్లు వేయకుండా వదిలేసే వర్క్‌షాపులున్నాయి. బండి స్టార్టవుతుంది, కానీ ఐడిల్‌లో వణుకు, నాకింగ్, తెల్లటి పొగ మిగులుతాయి, ఆ తరువాత ఇంజెక్టర్లు పోయాయని ఇంకో బిల్లు పడుతుంది. క్లోన్ చేసిన పెట్టెలో కూడా ఆ కోడ్లు వచ్చాయా అని స్కానర్‌లో చూపించమనండి.

స్టార్టయ్యాక లైవ్ డేటాలో రైల్ ప్రెషర్ చూడండి. చాలా బళ్లలో ఐడిల్‌లో 250 నుంచి 350 బార్ మధ్య నిలకడగా ఉంటుంది. స్కానర్‌లోని పాత ఫాల్ట్ కోడ్లు చెరిపి, పది కిలోమీటర్లు లోడుతో తోలి, మళ్లీ స్కాన్ చేయించండి. పీ0602 వస్తే ప్రోగ్రామింగ్ పూర్తి కాలేదు. పీ0513 వస్తే తాళం ముడి పడలేదు. పీ0641, పీ0651 వస్తే 5 వోల్టుల లైనులో లోపం ఇంకా ఉంది, బండి ఆపి మళ్లీ సెన్సార్ల దగ్గరికి పోవాలి. పీ0606 వస్తే మీకిచ్చిన పెట్టె లోపలే లోపం ఉండే అవకాశం ఎక్కువ, అప్పటికప్పుడు ఇచ్చినవాళ్లకు చూపించండి.

మీ బండి నుంచి తీసిన పెట్టెను బేరంలో ఎక్స్ఛేంజి కింద ఇచ్చేయకండి. మీ బండి డేటా మొత్తం దానిలోనే ఉంది. చదివిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుని, పెట్టెతో పాటు ఇంట్లో పెట్టుకోండి.